గడ్డకు సరిపడా తలలు

రియాద్‌లోని సులై పేటలో, గోదాముల వెనక కూలీల క్యాంపు గదిలో, దేవన్న మంచానికి పైనున్న మంచం ఖాళీగా ఉంది. అయినా దేవన్న నడుం వాల్చగానే అది కిర్రుమంటుంది. అటూ ఇటూ దొర్లే అలవాటు లక్ష్మణ్‌ది. మనిషి పోయినా అలవాటు పోలేదేమోనని దేవన్నకు భయం.

లక్ష్మణ్ అతని ఊరివాడే, అన్నలాంటివాడు. ఏసీ డక్టు బిగిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, అంటే కఫీల్, సంతకం కోసం శవం ఇంకా మార్చురీలోనే ఉంది. ఇక్కడి చావు కబురు ఆలికి నేరుగా చెప్పరు. ముందు ఊరి పెద్దకు చెబితే, ఆయన నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్తాడు. దేవన్న కూడా అలాగే తమ ఊరి పెద్ద పీరయ్యకు ఫోన్ చేశాడు.

పీరయ్య ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీది, "వార్డుల లెక్కకు సార్లు వస్తున్నరు బిడ్డా. గీత గీసేదాకా ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

వాళ్ళ ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునగగా మిగిలిన గడ్డ. చుట్టూ నీళ్ళే. పంచాయతీ వార్డులను జనం లెక్కన పంచుతారు. ఇంటి నంబర్ల వరుస తెగకూడదు, ఒక కుటుంబం రెండు వార్డుల్లో పడకూడదు. గల్ఫుకు పోయినవాళ్ళతో సహా గడ్డమీద తలలు చాలితే నీళ్ళే హద్దు, గడ్డే ఒక వార్డు. ఒక్క తల తగ్గినా ఒడ్డు వార్డులో కలిపేస్తామని సార్లు ముందే చెప్పారు. అప్పుడు గెలిచేది ఒడ్డువాడు. గడ్డకు పడవ ఉన్నా లేకున్నా వాడికేం పోయింది? పడవ అందక పురిటి నొప్పుల్లోనే కోడలిని పోగొట్టుకున్నవాడు పీరయ్య. అందుకే దేవన్న కాదనలేకపోయాడు. చచ్చినవాణ్ణి లెక్కలో బతికించడం మన పల్లెలకు కొత్తేమీ కాదు గాని, వాడి మంచం కింద పడుకోవలసిన ఖర్మ దేవన్నది.

లక్ష్మణ్ ఫోన్ ఇప్పుడు దేవన్న దగ్గరే ఉంది. రోజూ మోగుతుంది, ఎత్తడు. లక్ష్మణ్ భార్య ఉమారాణి దేవన్న ఫోన్‌కే చేస్తే, "డ్యూటీల ఉన్నడు వదినా" అంటాడు. కళ్ళు మూస్తే నీళ్ళ అడుగున పాత వీధి కనబడుతుంది. మునిగిన గడపలో కూర్చుని లక్ష్మణ్, "నన్ను ఎప్పుడు పోనిస్తవురా?" అని అడుగుతాడు.

శుక్రవారం అన్నం కలుపుకుంటుండగా ఉమారాణి ఫోన్ చేసింది. గొంతునిండా సంబరం.

"తమ్మీ, గడ్డ మనకే వార్డయింది! నీళ్ళ అంచు పొంటి గీత గీసిండ్రు. ఒక్క తల తక్కువున్నా పోయేదట. మీ అన్నకు ఫోనియ్యి, నేనే చెప్త."

దేవన్న కంచం పక్కకు జరిపాడు. గీత గీయడం అయిపోయింది. పీరయ్యను ఇప్పుడైనా ఆ ఇంటికి పొమ్మందామనుకున్నాడు. ఆ సంబరం విన్నాక అంతసేపు కూడా మోయలేకపోయాడు.

"వదినా... అన్న లేడు. సార్లు రాకముందే పోయిండు."

అవతల ఏడుపు వినబడలేదు. ఉమారాణి అడిగింది.

"సార్లు వచ్చిననాడు మన పీరయ్యే నన్ను చెప్పమన్నడు. గడపల నిలబడి, ‘నా పెనిమిటి రియాద్‌ల మంచిగున్నడు’ అని నా నోటితోనే చెప్పిన. అప్పటికే నీకు ఎరుకేనా తమ్మీ?"

"ఎరుకే వదినా" అన్నాడు దేవన్న.