వలలోకి వెళ్ళని గోలు

ఆఫీసు పని మీద శ్రీకూర్మం వెళ్ళినప్పుడు, పక్కనున్న జాలర్ల పల్లె ఇసుకలో ఫుట్‌బాల్ చూస్తూ నిలబడ్డాను. ఒకతని కాలు బెణికితే, అతని బదులు నన్ను దించారు. కాలేజీ జట్టులో ఆడినవాణ్ణి, వెంటనే ఒప్పుకున్నాను. ఓడినవాళ్ళు చేపల పులుసు పెట్టాలని పందెం. స్కోరు సమానంగా ఉంది.

చివర్లో నేనే గోలు కొట్టాను. బంతి తీయాలన్న ఊపులో, గోలు వెనక కట్టిన పాత చేపల వలలోకి బూట్లతో దూసుకెళ్ళాను. కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"గోలు లేదు," అన్నాడు అవతలి గోల్‌కీపర్ అప్పన్న.

"బంతి గీత పూర్తిగా దాటింది. ఆఫ్‌సైడ్ కాదు. చెయ్యి తగల్లేదు. ఎందుకు లేదు?"

"అన్నం ఎట్టే వలని బూట్లతో తొక్కీసి, మాకు రూల్సు సెప్తన్నావేటి బావా?"

మా జట్టువాళ్ళు కూడా అతని మాటకే తలూపారు. బూట్లు విప్పి, వలని కళ్ళకద్దుకున్నాను.

"మళ్ళీ కొడతాను," అన్నాను.

"పెనాల్టీ ఇస్తన్నాం. కొట్టు సూద్దాం!"

ఒట్టి కాలితో ఎడమ మూలకి కొట్టాను. అప్పన్న అవతలికి దూకాడు. ఈసారి గీత దగ్గరే ఆగిపోయాను. అతనే వలలోంచి బంతి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇదీ గోలంటే. పద, పులుసు మా ఇంట్లోనే."