గలాలీలో చూసిన కొరియా సీరియల్

శుక్రవారం పొద్దున టిఫిన్ కాగానే మీనా సల్మాన్‌లోని మా గది నుంచి బయల్దేరాను. గలాలీ వెళ్ళి ఒక కొరియా సీరియల్ ఆఖరి భాగం చూడాలి. సీరియల్ కోసం సెలవు పాడు చేసుకునే మనిషిని కాను. శీను అడిగాడు కాబట్టి వెళ్ళాను.

శీనుది జగిత్యాల దగ్గర పల్లె. అద్లియాలో ఒక సెలూన్‌లో పని. అక్కడ క్షవరానికి వెళ్తూ వెళ్తూ స్నేహితుడినయ్యాను. తనకు ఆడపిల్లల మీద మనసు పోదని ఈ అరబ్బు దీవిలో అతను చెప్పుకున్నది నా ఒక్కడికే. సెలూన్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఈ సీరియల్ డిస్కులు ఇచ్చింది. ఓడల కంపెనీ యజమాని కొడుకు తన కారు డ్రైవరును, అంటే సాటి మగవాణ్ణి, ప్రేమిస్తాడట. శీను వాటిని గలాలీలో వాళ్ళ బావ గదిలో చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అతనూ ఆ గదిలోవాళ్ళూ బొమ్మల్ని బట్టి కథ ఊహించుకున్నారు. ఆఖరి భాగానికి మాత్రం కింద వచ్చే ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పే డ్యూటీ నాకు పడింది.

మనామా బస్‌స్టేషన్‌లో శీను కలిశాడు. శుక్రవారం ముహర్రఖ్ బస్సులు తక్కువ. వెళ్ళదలచినవారు పెందలాడే వెళ్ళి నిలబడడం మంచిది. బస్సులో మా వెనక కూర్చున్న ఫిలిప్పీన్స్ ఆవిడ డిస్కు అట్ట గుర్తుపట్టి, "ఆఖరిదా? చాలా ధైర్యంగా తీశారు" అంది ఇంగ్లీషులో. శీను ఆ మాటను నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"ఇద్దరు ఒక్కటైతరంటరా సారూ?"

"ఆ టీవీవాళ్ళ మీద మరీ ఆశ పెట్టుకోకు" అన్నాను.

సముద్రం మీది వంతెన దాటి ముహర్రఖ్‌లో దిగి, షేర్ టాక్సీలో గలాలీ చేరాం. సగం కట్టిన కొత్త ఇళ్ళ మధ్య ఒక పాత ఇంట్లో రాజేశం, అతనితో పనిచేసే నలుగురు ఉంటారు. రాజేశం శీనుకు మేనమామ కొడుకు. వీసా తీయించి తెచ్చింది అతనే. తన చెల్లెలు లతను శీనుకే ఇవ్వాలని, వచ్చే సెలవులో ముహూర్తం పెట్టించాలని పట్టుదలగా ఉన్నాడు.

బగారన్నం, కోడికూర తిని టీవీ ముందు కూర్చున్నాం. యజమాని కొడుకు వానలో నిలబడతాడు, ఏడుస్తాడు, మళ్ళీ వెళ్ళి వానలో నిలబడతాడు. మగవాణ్ణి ప్రేమించడం జ్వరమైనట్టు నుదురు పట్టుకుంటాడు. మధ్యమధ్య నవ్వించడానికి ఒక దర్జీ చేతులు తిప్పుకుంటూ వచ్చి తూలి పడతాడు. కథ రాసినవాళ్ళు అతనికి పేరు కూడా పెట్టలేదు. అతను కనబడ్డప్పుడల్లా గదిలో నవ్వులే.

"అరే శీనూ, మీ సెలూన్ల గిట్లనే ఉంటరా?" అన్నాడొకడు. శీను తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

చివరికి యజమాని కొడుకు, లోకం ఏమన్నా నీతోనే ఉంటానన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అప్పుడు డ్రైవరు టోపీ తీశాడు. నడుము దాకా జుట్టు జారింది. ఆడపిల్ల. తమ్ముడి ఉద్యోగం పోకుండా మగవేషం వేసిందట. యజమాని కొడుకు ముఖంలో రోగం కుదిరినవాడి కళ. వెంటనే పెళ్ళి. పెళ్ళిగౌను తెచ్చిన దర్జీ ఇంకోసారి తూలి పడ్డాడు. ధైర్యమట! ఇంత పిరికి కథకు అంత వాన దేనికో.

"హమ్మయ్య, పిల్లనే. లేకుంటె టీవీ బంద్ చేస్తుంటి" అన్నాడు రాజేశం.

మిగతావాళ్ళు చాయ్ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళారు. శీను డిస్కు తీసి అట్టలో పెడుతూ అన్నాడు:

"బావా, నా ముచ్చట గిట్ల కాదు. నా దాంట్ల ఆఖరుకు పిల్ల రాదు."

"ఏమంటున్నవ్ రా?"

"లతను చేసుకోను. ఎవ్వలనూ చేసుకోను. ఒక పిల్ల బతుకు ఎందుకు ఖరాబు చెయ్యాలె?"

"ఎవలన్న ఉన్నరా?"

"లేరు. ఉన్నా పిల్ల గాదు."

ఈ మాట కూడా తెలుగులో చెప్పమన్నట్టు రాజేశం నావైపు చూశాడు. నేను తల దించలేదు. అతను లేచి టీవీ ఆపాడు.

"ఇంకెవ్వలకు ఎర్క?"

"సారుకొక్కనికే."

"ఇగ ఎవ్వలకు చెప్పకు. వీసా ఇచ్చిన కఫీల్ చెవుల పడితె విమానం ఎక్కిస్తడు." తర్వాత శీను వైపు చూడకుండానే అన్నాడు: "లతకు ఇంకో సంబంధం చూస్త. ఇంట్ల నేనే చెప్పుకుంట."

అది దీవెనా కాదు, తిట్టూ కాదు. చాయ్ మేం ముగ్గురం పూర్తిగా తాగలేదు. రాజేశం రోడ్డు దాకా వచ్చి మాకోసం టాక్సీ ఆపాడు.

"వచ్చే శుక్రవారం రానా బావా?" అని శీను మెల్లగా అడిగాడు.

"రాక యాడికి పోతవ్? డిస్కులు మాత్రం తేకు."

పొద్దు వాలుతుండగా ముహర్రఖ్‌లో తిరుగు బస్సు ఎక్కాం. గలాలీ వెళ్ళదగ్గ ఊరే. గాలి బాగుంటుంది, భోజనం ఇంకా బాగుంటుంది. ఆ సీరియల్ మాత్రం దొరికినా చూడకండి. అన్ని డిస్కులు తిప్పి అది చెప్పలేక చేతులెత్తేసిన మాట, శీను తన దగ్గరి చుట్టం ముందు చెప్పాడు. వాన లేదు, పాట లేదు.

వంతెన మీదకు రాకముందే అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. మనామాలో అందరూ దిగేదాకా లేపలేదు.