ఒంటె లేచినట్టు లేచిన బండి

ఆ రోజుల్లో మా కోరుట్లలో మగవాళ్ళు రెండే రకాలు: దుబాయిలో ఉన్నవాళ్ళు, దుబాయి వీసా కోసం ఏజెంటు ఇంటి అరుగు మీద ఉన్నవాళ్ళు. ఏ అరుగూ ఎక్కకుండా ఒక పాత పికప్ బండిని నమ్ముకుని పసుపు బస్తాలు తోలే నన్ను ఏ రకంలో వేయాలో తెలియక, పిల్లనివ్వాలనుకున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళు తికమకపడ్డారు. అటు సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలకు అక్కడి పేరు) ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. నేసే మనుషులు మగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కుతుంటే, వాళ్ళు నడిపిన సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి. మా మేనమామకు రెండే మిగిలాయి. కోరుట్లలో ఒక చుట్టం రేకుల షెడ్డు ఇస్తానన్నాడు, తువ్వాళ్ళ పని దొరికేలా ఉంది. కానీ ఆదివారంలోగా సిరిసిల్ల షెడ్డు ఖాళీ చేయాలి, లేకపోతే ఆ రెండూ తూకానికే. "నేనున్న గద మామా! నా బండిల ఒక్కటే ట్రిప్పు" అని ఛాతీ కొట్టుకున్నాను. పది బస్తాలకే వెనుక చతికిలబడే బండి నాదన్న సంగతి మాత్రం మామకు చెప్పలేదు.

గురువారం నాడు బండిని మా ఊళ్ళో బండ్లు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనుక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల దొంతరను మేము కమాను కట్ట అంటాం. దాన్ని సరిచేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. వంగి చూసి, "దిక్కుకొక్క పట్టీ ఏస్తె చాలు బేటా. రేపు జుమ్మా, శనివారం తే" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. చుట్టూ నలుగురున్నారని చూసి, "అయినా నీ బండి బరువుకు కూసుంటలేదు, నీ గప్పాలకు కూసుంటున్నది" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు అరికాలి నుంచి మంట లేచింది. నావి గప్పాలా? (గోదావరి వరదకు ఎదురు బండి నడిపి ధర్మపురి చేరానని చెప్పినది నిజమే, కాకపోతే నీళ్ళు కొంచెం తక్కువగా ఉన్నాయి.) ఒక్క పట్టీ అంటాడా? మూడు వేస్తాను, అదీ మా ఇంటి ముందే, నా చేత్తోనే!

పాత సామాను దుకాణంలో దిక్కుకు మూడు చొప్పున లారీ పట్టీలు కొన్నాను. ఇక తెలిసిన మనిషి కావాలి. మా వాడకట్టులోనే ఉన్నాడు, దుబాయి కాక. పదేళ్ళు అక్కడ పెద్దపెద్ద ట్రక్కులకు మెకానిక్‌గా చేశానని ఉత్తరాల్లో రాసిన మనిషి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, అత్తరు పూసుకుని, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను జాకీ ఎత్తి, బండరాళ్ళు పెట్టి, బోల్టులు విప్పి, కట్ట ఊడదీసి, మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నాను. "కాకా, ఎన్నో నంబరు పానా?" అంటే "పెద్దది" అన్నాడు. "మూడు పట్టీలు ఎక్కువైతయా?" అంటే, "దుబాయిల ఇంకా ఎక్కువేస్తరు" అన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా? రాలేదు. ఉస్తాద్ మీద కోపం బుర్రనిండా ఉంటే అనుమానానికి చోటెక్కడిది?

జాకీ దించాం. బండి వెనుక భాగం మాత్రం దిగలేదు, నా ఛాతీ అంత ఎత్తున ఉండిపోయింది. ముక్కు నేలను చూస్తోంది. అమ్మ బయటికి వచ్చి, "ఇదేందిరా, బండి ఎవలికి దండం పెడుతున్నది?" అంది. కాక మాత్రం అద్దాలు తీసి, కళ్ళు చెమర్చేంత మురిపెంగా చూసి, "గిట్ల ఉండాలె!" అన్నాడు.

శనివారం తెల్లారగానే ఇద్దరం ఖాళీ బండితో సిరిసిల్ల బయలుదేరాం. ప్రతి గుంతకూ మా తలలు పైరేకుకు తగిలాయి. వేములవాడ దాటేసరికి రేకు మీద రెండు బొప్పులు లేచాయి, నాదొకటి, కాకదొకటి (నమ్మనివాళ్ళు ఆ బండి ఇప్పుడెక్కడుందో వెతికి చూసుకోవచ్చు). మామ చూసి, "అల్లుడా, సాంచాలు ఎక్కియ్యాల్నంటె నిచ్చెన తేవాల్నా?" అన్నాడు. విప్పిన రెండు సాంచాలను ఆరుగురు మోసి ఎక్కించారు. బండి వెనుక ఒక్క వేలెడు కూడా కుంగలేదు! ఉస్తాద్ ఇక్కడ ఉంటే బాగుండు అనుకున్నాను. మామ వెనుక సాంచాల పక్కనే కూర్చున్నాడు.

నాలుగు మైళ్ళు రాలేదు. ఒక గుంతలో బండి ఎగిరిపడింది, వెనుక "టప్" మంది. దిగి చూస్తే ఒక సాంచా పక్కచట్టం, పోత ఇనుముది, అడ్డంగా పగిలి ఉంది. మామ పగులు మీద చేయి పెట్టి, జ్వరమొచ్చిన పిల్ల నొసలు చూసినట్టు చూశాడు. ఆ చేయి చూడలేక నేను కాక మీద పడ్డాను. "పదేండ్ల మెకానిక్‌వి! పట్టీలు ఎక్కువైతె బండి దుంకుతదని తెల్వదా?"

కాక అద్దాలు తీశాడు. "ఎవడు మెకానిక్‌రా? మెకానిక్ వీసా అని తీస్కపోయిండ్రు, ఎడారిల ఒంటెల కాడ ఇడిసిండ్రు. పదేండ్లు ఒంటెలు కాసిన. ఇంటికి గదెట్ల రాయాలె?"

"మరి గిట్లుండాలె అంటివి?"

"బరువేసినంక ఒంటె లేస్తె ముందుగాల ఎన్కదిక్కే లేస్తది. నీ బండి గట్లనే లేచింది. సూడంగనే పాణం సంబురమైంది."

నాకు ఇంకా ఎక్కువ కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ వెనుక నుంచి మామ, "అంటె నా సాంచాలు ఒంటె మీద పోతున్నయన్నట్టు" అని పకపకా నవ్వాడు. ముందు కాక, తర్వాత నేను. ముగ్గురం రోడ్డు పక్కన కడుపులు పట్టుకుని కూర్చున్నాం.

నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా తోలుకుంటూ ఉస్తాద్ దగ్గరికి చేరాం. ఆయన గప్పాల మాట ఎత్తనే లేదు, అదే నాకు ఎక్కువ మండింది. దిక్కుకు రెండు పట్టీలు పీకేసి, "కమాను కుంగాలె బేటా. గది కుంగకపోతె మీదున్నది పలుగుతది" అన్నాడు. పీకిన పట్టీల్లోంచి ఒక ముక్క కోసి, కొలిమిలో కాల్చి, చిల్లులు పొడిచి, పగిలిన చట్టానికి అడ్డుకట్టుగా బోల్టులతో బిగించాడు. ఆదివారం కోరుట్ల షెడ్డులో రెండు సాంచాలూ దిగాయి. లారీ పట్టీ కట్టిన సాంచా నడిచినన్నాళ్ళూ కొంచెం కుంటుకుంటూ చప్పుడు చేసేది, వీధి చివరి నుంచే గుర్తుపట్టేవాణ్ణి.

కాక సంగతి మేం ముగ్గురం ఎక్కడా అనలేదు. చివరికి ఆయనే ఒకసారి మనుమరాలికి ఒంటె ఎలా లేస్తుందో నేల మీద పడుకుని చేసి చూపించబోయి, లేవలేక, తనే అందరికీ చెప్పేసుకున్నాడు. మామ మొదట నేసిన తువ్వాలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. బట్టతల తుడుచుకుంటూ ఆ గురువారాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. దిక్కుకొక్క పట్టీ చాలని ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. అందుకే ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు.