లేచే ముందు ఒక మాట

ఆశమ్మ ఎడమ ముంజేయి మోచేతి కింద కొంచెం వంకరగా ఉండేది. పసుపు డ్రమ్ము తిప్పుతుంటే జారిపడి విరిగిందని చెప్పేది. ఆర్మూరు మార్కెట్ యార్డు పక్కన, ఎండిన పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే ఇనుప డ్రమ్మును మగవాళ్లతో సమానంగా తిప్పే మనిషి కాబట్టి ఆ మాట అందరూ నమ్మారు. పసుపు సీజను ముగిశాక వాడలో అందరిలాగే ఆమె కూడా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. భర్త నడిపయ్య అదే యార్డులో హమాలీ. బస్తాలకు తగిలించి లాగే ఇనుప కొక్కెం ఎప్పుడూ అతని భుజానికి వేలాడుతుండేది.

1991 ఎండాకాలంలో వాడ మొగదలకు సారా దుకాణం వచ్చింది. దాన్ని ఎత్తివేయించాలని ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. బీడీ కార్ఖానాకు సెలవని శుక్రవారం మధ్యాహ్నాలు చర్చి వరండాలో కూర్చునేవారు. గొంతు పెద్దదని ఆశమ్మను ముందు కూర్చోబెట్టారు.

ఆ కూర్చోవడానికి మొదలంటూ ఉండేది కానీ ముగింపు ఉండేది కాదు. ఎవరో ఒకరు "పొయ్యి ముట్టియ్యాలె" అనేవారు. అంతే, ఒకరి వెనక ఒకరు చాటలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. మాట సగంలో ఉన్న మనిషి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేది.

ఎప్పుడూ మూలన కూర్చునే లసుమవ్వ ఒక శుక్రవారం రవిక చెయ్యి పైకి మడిచి చూపించింది. చంక దాకా బీడీతో కాల్చిన మచ్చలు.

"ఇంకా చెప్పు చెల్లె. కడుపుల ఏం దాసుకోకు" అంది ఆశమ్మ.

లసుమవ్వ చెప్పింది. భర్త ముత్తెన్న ఆమె జుట్టు తలుపు సందులో పెట్టి తలుపు మూయడం, తాగొచ్చి ఎసట్లో చెయ్యి పెట్టించడం, అన్నీ చెప్పింది. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. అంతలో నల్లాలో నీళ్లొచ్చాయని కేక వినపడింది. క్షణంలో వరండా ఖాళీ అయింది. లసుమవ్వ రవిక చెయ్యి దించుకుని, కొంగు కప్పుకుని ఒంటరిగా ఇంటికి నడిచింది.

ఆమె చెప్పిన మాటలు ఆమెకన్నా ముందే ఇంటికి చేరాయి. ముత్తెన్న ఆమె చాటలోంచే తునికాకు కత్తిరించే కత్తెర తీశాడు.

కేక విని ఆశమ్మ పొయ్యి దగ్గరి నుంచి పరుగెత్తింది. లసుమవ్వ గడప మీద బోర్లా పడి ఉంది. ఆకు కట్టలు నెత్తుట్లో తడిసి నేలకు అంటుకుపోయాయి. ఆశమ్మ ఆమెను చేతుల మీద ఎత్తుకుని బస్టాండు దాకా వెళ్లింది. నిజామాబాద్ దవాఖానలో ప్రాణం దక్కింది, ఎడమ కన్ను దక్కలేదు. ముత్తెన్నను పోలీసులు కమ్మర్‌పల్లిలో పట్టుకుని జైలుకు పంపారు.

మరుసటి శుక్రవారం కొద్దిమందే వచ్చారు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

"మనమే మాట్లాడిపిచ్చినం" అంది ఆశమ్మ. "మూట ఇప్పి, కట్టకుంటనే లేచిపోయినం. ఇగ నుంచి గట్ల లేవద్దు. లేచే ముందు ఒక్కొక్కరు ఒక మాట చెప్పాలె. ఇప్పుడు ఇంటికి పోతె ఏమైతదో చెప్పాలె. బుగులు, భయం లేకుంటె లేదనుండ్రి. బుగులున్నోళ్లింటికి అందరం కలిసే పోదం."

మొదటి రోజు వరుసగా అందరూ "ఏం లేదు" అన్నారు. ఆ తర్వాతి వారం కమలవ్వ వంతు వచ్చింది. "మా ఆయన పొద్దుగాల్నే తాగిండు. నాకు బుగులైతున్నది" అంది. అందరూ లేచి ఆమె ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఆమె మొగుడు కాసేపు గొణిగాడు, చివరికి కండువా దులుపుకుని బయటికి పోయాడు. అలా ఏడాదికి పైగా నడిచింది. సారా దుకాణం మనుషులు ఒకసారి వాళ్ల మీద రాళ్లు రువ్వారు. తల పగిలిన మనిషిని మధ్యలో నడిపించుకుంటూ, అనుకున్న ఇంటికే వెళ్లారు తప్ప వెనక్కి తిరగలేదు.

వరుసలో ఆఖరి వంతు ఆశమ్మది. ప్రతిసారీ "నాకేం లేదు, లేవుండ్రి" అనేది. ఆ మాటతో కూడిక ముగిసేది.

ఆ మాట అబద్ధం. ఆమె చెయ్యి విరిగింది డ్రమ్ము దగ్గర కాదు. నడిపయ్య దాన్ని గడపకు ఆనించి కాలితో తొక్కి విరిచాడు. సంఘం పెట్టాక బట్ట కప్పే చోట మాత్రమే కొట్టడం నేర్చుకున్నాడు. "నలుగురికి న్యాయం చెప్తవు గదనే, నీ న్యాయం ఎవలకు చెప్తవో చెప్పు" అంటూ కొట్టేవాడు. ముందు కూర్చున్న మనిషే ఇంట్లో తన్నులు తింటోందని తెలిస్తే సంఘానికి ఎవరొస్తారని ఆశమ్మ పళ్లు బిగబట్టుకునేది.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక గురువారం నడిపయ్య కొక్కెం తిప్పి ఆమె వీపులో దించాడు. ఆమె గాయంలో పసుపు కూరి, పాత చీర గట్టిగా చుట్టుకుని శుక్రవారం వరండాకు వచ్చింది. మాటలు సాగుతుండగా రవిక వెనక తడి ఎర్రగా పాకింది. అది చూసింది పక్కన కూర్చున్న లసుమవ్వ ఒక్కతే.

వరుస ఆశమ్మ దాకా వచ్చింది. "నాకేం లేదు, లే..."

"అక్కా" అని లసుమవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. "మల్లొక్కపారి అడుగుతున్న. ఇంటికి పోతె ఏమైతది?"

ఎవరూ లేవలేదు.

"సంపుతడు" అంది ఆశమ్మ.

ఆ రోజు నడిచిన వాళ్లలో కొందరు దారిలో ఇళ్లలోకి దూరి రోకళ్లు తెచ్చుకున్నారు. ఆశమ్మ చూసింది, వద్దనలేదు. నడిపయ్య వాకిట్లో సారా ప్యాకెట్టు పళ్లతో చింపుతూ కూర్చున్నాడు.

"మందను తోలుకొచ్చినవా?" అని లేచి కొక్కెం అందుకున్నాడు. అందరికన్నా ముందున్న లసుమవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. కొక్కెం ఆమె ముంజేతిని మణికట్టు దాకా చీల్చింది.

ఆ తర్వాత అక్కడ సంఘం లేదు, ఆడవాళ్లూ లేరు, చేతులే ఉన్నాయి. నడిపయ్యను వెల్లకిలా పడేశారు. కమలవ్వ అతని ఛాతీ మీద కూర్చుని రాయితో ముఖం మీద మోదింది. మోదుతూ ఆమె తిట్టిన పేరు నడిపయ్యది కాదు, తన మొగుడిది. రోకళ్లు లేచి పడుతున్నాయి. ఆశమ్మ గుంజకు ఆనుకుని చూస్తూ నిలబడింది. ఆమె ఒళ్లంతా హాయి పాకింది. ఆ హాయి గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత చాలాకాలం ఆమెకు అన్నం సహించేది కాదు.

మోకాలి చిప్ప పగిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు ఆమె కదిలింది. వెళ్లి నడిపయ్య మీద అడ్డంగా పడుకుంది. అప్పటికే లేచిన రోకలి ఆమె నడుము మీద పడింది.

"సాలు. సచ్చిపోతడు, సాలు" అంది.

నడిపయ్య చావలేదు. మళ్లీ బస్తా ఎత్తలేదు కూడా. కొట్టిందెవరని పోలీసులు అడిగితే ఆడవాళ్లందరూ "మేమే" అన్నారు. అందరినీ పొద్దంతా స్టేషను గోడ పక్కన కూర్చోబెట్టి, మళ్లీ ఇలాంటిది జరిగితే లోపల వేస్తామని చెప్పి వదిలేశారు. కట్లతో ఉన్న నడిపయ్యను అతని అన్న వచ్చి తన ఊరు ముప్కాల్‌కు తీసుకుపోయాడు.

తర్వాతి శుక్రవారం వరండా నిండింది. మాటలు మాత్రం లేవు. సరాసరి చివరి మాట చెప్పుకునే వరుసే మొదలైంది.

కమలవ్వ అరచేతులు ముందుకు చాపి చూసుకుంది. "మా ఇంట్ల బుగులు లేదు. నా చేతులు చూస్తెనే బుగులైతున్నది" అంది.

"ఇగ నుంచి వట్టి చేతులతోనే పోదం" అంది ఆశమ్మ. "రోకలి, రాయి ఏదీ వద్దు. నేను ముంగట ఉంట."

"నీకేమక్కా, ఎన్నైనా చెప్తవు" అంది లసుమవ్వ. ఆమె చేతికి కుట్లు ఇంకా విప్పలేదు. "వట్టి చేతులతోని పోతె నా రెండో కన్ను గూడ పోతది. అప్పుడు నన్ను ఎవలు నడిపిస్తరు?"

"నేనే నడిపిస్త."

"నాకు నడిపిచ్చుడు వద్దు. కన్ను గావాలె."

ఆ రోజు పొయ్యి ముట్టించాలని ఎవరూ అనలేదు. దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకున్నారు. చివరికి ఆశమ్మ మాటే నెగ్గింది, కానీ సగం మంది మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ మాటకు పరీక్ష నెల తిరగకముందే వచ్చింది. తనకు మళ్లీ బుగులుగా ఉందని కమలవ్వ చెప్పింది, అందరూ ఆమె ఇంటికి నడిచారు. సంఘం తన ఇంటి అరుగు ఎక్కడాన్ని ఇక భరించలేనని కమలవ్వ మొగుడు పసుపు చేను కాపలాకు పెట్టుకునే దుడ్డుకర్రతో ఎదురొచ్చాడు. ఆశమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. కర్ర ఆమె పక్కటెముకల మీద పడింది. మళ్లీ పడింది. ఆమె మోకాళ్ల మీద కూలింది కానీ పక్కకు జరగలేదు. వెనక ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ అరవలేదు. అన్ని కళ్లూ తన మీదే ఉండటంతో అతని చెయ్యి ఆగిపోయింది. కర్ర అక్కడే పారేసి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ రాత్రి కమలవ్వ ఆ ఇంట్లో పడుకోలేదు, మళ్లీ ఎప్పుడూ పడుకోలేదు.

ఆశమ్మకు రెండు ఎముకలు విరిగాయి. దవాఖానలో మంచం పక్కన లసుమవ్వ నేల మీద కూర్చుంది.

"నేను చెప్పలేదా?" అంది.

"చెప్పినవ్" అంది ఆశమ్మ. ఊపిరి తీస్తే నొప్పిగా ఉంది.

లసుమవ్వ కొంగు ముడి విప్పి, గుప్పెడంత రాయి తీసి మంచం మీద పెట్టింది. "తెచ్చిన. నువ్వు వద్దన్నా తెచ్చిన."

ఆశమ్మ దాన్ని చూసింది. "మరి ఎందుకు ఇసరలేదు?"

"నాకున్నది ఒక్క కన్ను. గురి తప్పి నీకు తగుల్తదని" అంది లసుమవ్వ.