గుంత దాకా పోని జీపు బాట

తిరుపతి దగ్గర శేషాచలం కొండల్లోని జాతీయ ఉద్యానవనంలో నేను రేంజి ఆఫీసరుగా చేరింది పదవీ విరమణకు రెండేళ్ల ముందు. అప్పటికి సర్వీసంతా అడవుల్లోనే గడిచినా, అతిథికి ఎన్ని చోట్లు చూపిస్తే అడవిని అంత బాగా చూపించినట్టని నమ్మేవాణ్ణి. తెలివితక్కువతనానికి అనుభవం అడ్డు రాదనడానికి నేనే సాక్ష్యం.

ఆ వేసవిలో మా కన్జర్వేటరు తనిఖీకి వచ్చారు. హోదాలో ఆయన నా పై అధికారికి పై అధికారి. మా వైపు తనిఖీలకు తిరుమల దర్శనం తోడుంటుంది. స్వామివారి టైము ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి, మిగిలిందేదో అడవికి. ఆ రోజు మిగిలింది ఒక మధ్యాహ్నం. వెంట ఆయన అత్తగారు కూడా ఉన్నారు. నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, మాటలో మొహమాటం లేదు.

ఆయన తేల్చవలసిన విషయం ఒక్కటే. మా జీపు బాట ఒక సాసర్ పిట్‌కు కొంత ఇవతలే ఆగిపోతుంది. సాసర్ పిట్ అంటే వేసవిలో జంతువుల కోసం మేము నీళ్లు నింపే సిమెంటు గుంత. ట్యాంకరు బాట చివరే నిలుస్తుంది, అక్కడి నుంచి పైపు వేసి నింపుతాం. పర్యాటకుల కోసం బాటను ఆ గుంత మీదుగా పొడిగించాలని ప్రతిపాదన వచ్చింది. కొండకు ఆ పక్క ఎండాకాలంలో నీళ్లుండే చోటు అదొక్కటే. జీపులు తిరిగితే జంతువులు అటు రావు. ఉన్న చోట్లన్నీ దండిగా చూపిస్తే ఉన్న బాటే చాలంటారని నా ఎత్తు.

అందుకని జీపును పరుగెత్తించాను. మంచె ఎక్కించాను, దించాను. ఎర్రచందనం తోట చూపించాను. జలపాతం దగ్గర ఆపితే అందులో జలం లేదు. పాతం లోటు మాత్రం నేను జారిపడి తీర్చాను. ఎక్కడ ఆగినా మా జీపు చప్పుడు మాకంటే ముందే చేరింది. దుమ్ము తప్ప ఏదీ మా ఎదుటికి రాలేదు.

“జంతువులకు సెలవిచ్చారా ఏమండీ?” అన్నారు కన్జర్వేటరు, అద్దాలు తుడుచుకుంటూ. తర్వాత అసలు మాట అన్నారు. “ఇక్కడ కనబడేదేమీ లేదు. బాటను గుంత దాకా వేయాల్సిందే.”

నా ఎత్తు నన్నే ఎత్తి కుదేసింది. బాట చివర జీపు ఆపించాను. అత్తగారు దిగి నడుం పట్టుకున్నారు.

“ఏమప్పా రేంజరూ, అడివి సూపిస్తానని జీపు సూపిస్తా ఉండావే! నా ఎముకలన్నీ ఎంచుకున్న్యా. ఇంగ నేనెక్కను. యాడన్నా నీడుంటే సెప్పు, కూసుంటా.”

నీడ ఉన్నది గుంత దగ్గరే. మెల్లగా నడిచి, మేము నిఘాకు కట్టుకున్న తడిక వెనక కూర్చున్నాం. అత్తగారు కూర్చుంటే అల్లుడు కూర్చోవాలి, అల్లుడు కూర్చుంటే నేను నిలబడాలి. ఆవిడ ఒప్పుకోలేదు. “నువ్వూ కూసో, సెట్టు మాదిరి నిలబడితే సెట్లు నవ్వుతాయి” అన్నారు.

కాసేపటికి అడవి మమ్మల్ని మరిచిపోయింది. ముందు ఒక బెట్టుడుత, అంటే పెద్ద కొండ ఉడుత, తన బారెడు తోకతో కొమ్మ మారింది. తర్వాత కణితి వచ్చింది. ఇంగ్లీషులో సాంబరంటారు గానీ మన సాంబారుకు చుట్టం కాదు, పెద్ద జింక. వెనకే పిల్ల. తల్లి మూతి నీళ్లకు తగిలిందో లేదో, బాట చివర హారన్ మోగింది. తల్లీ పిల్లా మాయం.

పై అధికారితో ‘ఇక లేవండి’ అని కింది ఉద్యోగి అనకూడదు. ఆ మాట డ్రైవరు హారనుతో అనడం మాలో మర్యాద. బయల్దేరే టైముకు కొట్టమని మా డ్రైవరు మునిరత్నానికి చెప్పింది నేనే.

“ఎవడు కొట్టింది?” కన్జర్వేటరు గొంతు పెంచకుండానే మండిపడ్డారు.

అత్తగారే అందుకున్నారు. “అంత దూరంలో కొడితేనే అది పారిపాయ. ఈడిదాకా రోడ్డేస్తే జింకలేడొస్తాయి అల్లుడా? హారన్లే వొచ్చి నీళ్లు తాగిపోతాయి.”

ఆయన వాచీ చూసుకున్నారు. “తిరుమల కొండెక్కడం ఆలస్యమవుతుందేమో” అని గొణిగారు. “అలిపిరి యాడికి పోతాది? ఉండాది ఆడనే” అన్నారావిడ.

మళ్లీ కూర్చున్నాం. కణితి తిరిగి వచ్చింది. ఈసారి పిల్ల ముందు తాగింది. దాని గుటకలు మాకు వినబడ్డాయి. అప్పుడు కన్జర్వేటరు నా చెవిలో, “బాట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. తనిఖీ నోట్‌లో అలాగే పెడతాను” అన్నారు.

ఆ తర్వాతి రోజుల్లో, సమయం తక్కువున్న అతిథులకు నేను చోట్లు తగ్గించాను. నీళ్లున్న ఒక్క చోట కూర్చోబెట్టాను. చాలామంది ఏదో ఒకటి చూశారు. చూడనివాళ్లు కూడా ఫిర్యాదు చేయలేదు.

తనిఖీ నాటి ఆ సాయంత్రం మాత్రం, ఎండ కొండ వెనక్కి దిగుతుంటే, ఇంకొక్క పది నిమిషాలు ఉందామన్నారు కన్జర్వేటరు, దాదాపు బతిమాలుతున్నట్టు. నేను లేచి, టోపీ సర్దుకుని, సెల్యూట్ కొట్టాను. పొద్దుగూకాక ఎంత పెద్దవారైనా లోపల ఉండరాదని మా గేట్లన్నిటికీ ఉత్తర్వు ఉందనీ, దాని కింద ఉన్న సంతకం తమదేననీ వినయంగా మనవి చేసి, హారన్ అవసరం లేకుండా నా నోటితోనే అన్నాను: “ఇక లేవండి సార్.”