పేరు చెప్పి తవ్వాల్సిన తుంగ

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. నర్సీపట్నంలో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న కొట్టు నాది. కరెంటు పోతే షట్టర్ సగం దించి గ్రంథాలయానికి వెళ్లడం పాతికేళ్ల అలవాటు. చరిత్ర, నక్షత్రాలు, పశువైద్యం, బీరువాలో ఏది చేతికొస్తే అది చదివాను. వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా కొట్టుకే వస్తారు. ఆ గౌరవం నాకు ఇష్టం. నా భార్య మాత్రం, "మా ఆయన బుర్ర నిండా కాయితాలే. వానొస్తే తడిసిపోతాయని గొడుగు మర్సిపోడు" అని ఇరుగుపొరుగుతో అని నవ్వేది.

ఆమెది చింతపల్లి ఘాట్ ఎక్కాక ఇంకా లోపలికి వెళ్లాల్సిన కొండ ఊరు. వాళ్లమ్మ అడవిలో వేళ్లు, అడ్డాకులు, కుంకుడుకాయలు ఏరి సంతకు తెచ్చేది. ఏ జబ్బుకు ఏ వేరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్లయి కిందికి వచ్చాక నా భార్య వాటి గురించి పెద్దగా మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అడిగితే చెప్పేది. అడగాల్సిన విషయాలన్నీ పుస్తకాల్లో ఉంటాయని నా నమ్మకం.

కిందటేడు వానలు మొదలయ్యేసరికి ఆమె కాలేయం పూర్తిగా పాడయింది. విశాఖలో డాక్టర్లు ఇక చేయగలిగింది లేదని, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టమని చెప్పారు. ఆమెకు ఏదీ ఇష్టంగా లేదు. అన్నం వాసనకే మొహం తిప్పుకునేది. వారం తర్వాత ఒక ఉదయం తనంతట తనే ఒకటి అడిగింది.

"సిన్నప్పుడు జొరమొస్తే మా యమ్మ కొండ తుంగ ఏరు మరిగించి పోసేది మావా. ఒక్కపాలి తాగాలనుంది."

నేను వెంటనే గుర్తులు అడిగాను. గెడ్డ పక్కన, అంటే కొండవాగు ఒడ్డున, చెట్ల నీడలో ఉంటుందట. ఆకు అంచు చేతిని కోసేస్తుందట. కాడ గుండ్రంగా కాకుండా మూడు పలకలుగా ఉంటుందట. తవ్వే ముందు ఎవరి కోసమో ఆ మొక్కకు పేరు చెప్పాలట. చెప్పకుండా తీసిన వేరు పనిచేయదని వాళ్లమ్మ అనేదట.

పేరు సంగతి నేను పట్టించుకోలేదు. మూడు పలకల కాడ అనగానే నాకు సంబరమేసింది. గ్రంథాలయంలో మూలికల పుస్తకం తీసి చూస్తే తుంగకు అదే గుర్తు రాసి ఉంది. దాని గడ్డల్నే తుంగముస్తలంటారని, జ్వరానికీ దాహానికీ అరుగుదలకూ కషాయం కాచి ఇస్తారని ఉంది. అక్కడితో పుస్తకం మూసేశాను. తుంగముస్తలు బజారులో మూలికలమ్మే పసారి కొట్టులోనే దొరుకుతాయి. పొట్లం కట్టించుకొచ్చి కషాయం కాచి ఇచ్చాను. కొట్టులో దొరికాయంటే ఆమె చిన్నబుచ్చుకుంటుందేమోనని, కృష్ణదేవిపేట దారిలో కాలవ గట్టున తవ్వానని చెప్పాను.

ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని అడిగింది. "తవ్వినప్పుడు నా పేరు సెప్పేవా?"

"చెప్పాను."

కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే తాగుతాను" అంది.

ఇరవై రోజులు తాగింది. తాగాక ఖాళీ గ్లాసు బోర్లించి చూపించేది. నేను మంచం పక్కన కూర్చుని తుంగముస్తల గుణాలు ఒక్కొక్కటే చెప్పేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకుని, "నీ పుస్తకం బాగానే సెప్పింది మావా" అనేది. ఇరవై ఒకటో రోజు ఉదయం గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి ఊపిరి లేదు.

పదో రోజు కర్మకు బావమరిది కొండ దిగి వచ్చాడు. ఆమెకు తమ్ముడు. కిటికీలో చేటలో మిగిలిన తుంగముస్తలు చూసి, ఇవి దేనికని అడిగాడు. చెప్పాను. ఒక గడ్డ తీసి వాసన చూసి మళ్లీ చేటలో పెట్టేశాడు.

"ఇది కొండ తుంగ కాదు బావా. దానికి గడ్డలుండవు."

చెప్పాలా వద్దా అన్నట్టు చేటను అటూ ఇటూ జరిపాడు. "అక్కకీ తెలుసు. మొదటి రోజే ఫోన్ సేసింది. కొట్టు సరుకు తెచ్చి నా పేరు సెప్పి తవ్వేనంటున్నాడురా అని నవ్వింది. నాను బేగి తెచ్చిత్తానంటే వొద్దంది. పుస్తకంలో దొరికిందని సంబరపడతన్నాడు, ఇప్పుడు కాదని ఎలా సెప్పేదంది."

ఒక్క ఫోన్ చేసి అతన్ని అడిగి ఉంటే సరిపోయేది. కొండ మీద అడగాల్సింది కింద గ్రంథాలయం బీరువాలో వెతికాను. తర్వాత వారం ఆ పుస్తకం మళ్లీ తీశాను. నేను మూసేసిన చోటికి తర్వాతి పేజీలోనే ఉంది, తుంగల్లో రకాలు చాలా అని, కాడ మూడు పలకలుగా ఉండటం దాదాపు అన్నిటికీ ఉన్న గుర్తే అని, అడవి నీడల్లో పెరిగేవి వేరని. ఒక్క పేజీ తిప్పలేదు నేను.

ఈ ఏడు వానలు తగ్గాక బావమరిది బండి మీద ఘాట్ ఎక్కి వాళ్ల ఊరి గెడ్డ దగ్గరికి వెళ్లాను. మొక్కను అతనే చూపించాడు. మోకాలెత్తు పొద. ముదురాకుపచ్చ ఆకులు, పొడుగునా మూడు గీతలు, మధ్యలో గోధుమరంగు పూగుత్తి. ముట్టుకుంటే అంచు వేలిని కోసింది. ఆమె చెప్పిన గుర్తుల్లో ఒక్కటీ తప్పు లేదు.

గునపం నా చేతికిచ్చాడు. "ఊరికే తవ్వకూడదు బావా. ఎవరికో సెప్పు."

చెప్పడానికి ఎవరున్నారురా అన్నాను.

"అప్పుడు సెప్పేనన్నావు కదా. ఇప్పుడు సెప్పీ."

వంగి ఆమె పేరు చెప్పాను. మొక్కకు వినపడేలా రెండోసారి చెప్పాను. తవ్వితే ఎర్రటి సన్నని వేరు వచ్చింది. సగం పొద వదిలి, గుంటలో మట్టి కప్పాడు. పేరు చెప్పి తీసిన వేరును పారేయకూడదట. గెడ్డ ఒడ్డునే మూడు రాళ్లు పెట్టి, అల్యూమినియం గిన్నెలో మరిగించి నాకు పోశాడు.

తాగాను. అది కొంచెం తియ్యగా ఉంది. తడి ఆకుల వాసన వేసింది. నేను ఆమెకు ఇచ్చింది ఘాటు, చేదు. ఇరవై రోజులు దాన్ని అడుగంటా తాగి గ్లాసు బోర్లించి చూపించింది.