తెర తిప్పిన వైద్యుడు

వికారాబాదులో రైలు కదలగానే, ఏవో మీటల మీద మోచెయ్యి పడి నా ల్యాప్‌టాప్ తెర తలకిందులైంది. తాండూరు చేరేలోపు పంపాల్సిన వ్యాసం గబ్బిలంలా వేలాడుతోంది. సీటు దొరక్క పక్కన నిలబడ్డ ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి, లోకంలోని కంప్యూటర్లన్నిటికీ తనే పురుడు పోసినట్టు దగ్గాడు.

"చార్జింగ్ దిగితే గిట్లనే అయితది సార్. లేసి పై సంచిలకెల్లి చార్జర్ తియ్యుండ్రి."

బుద్ధిలేక లేచాను. ఆ మహాపండితుడు ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని నా సీట్లో కూలబడ్డాడు.

"అయిందా?" అని దారి పొడుగునా నిలబడే అడిగాను.

"జర ఆగుండ్రి సార్, రోగం మస్తు ముదిరింది."

తాండూరు రాగానే మూడు మీటలు నొక్కాడు. తెర నిటారుగా లేచింది.

"కంట్రోల్, ఆల్ట్, పై బాణం. గంతే సార్."

నా వ్యాసం గడువు అప్పటికే దాటిపోయింది. అయితేనేం, ఇప్పుడు రైల్లో ఎవరి తెర తలకిందులైనా నేనూ ముందు వాళ్ల సీటే చూస్తున్నాను.